బాకీ పద్దు

ఒమ్‌దుర్మాన్ బజారులో, ఇత్తడి సామాన్ల వీధి మలుపున
ముప్ఫయ్యొక్కేళ్లు రంగులమ్మాను.
కళ గురించి నన్నడక్కండి.
ఏ డబ్బా ఎంతకి కొన్నానో, ఎవరికెంతకి అమ్మానో
అదడగండి.

నా పుస్తకంలో ప్రభుత్వాల పేర్లుండవు.
ఆకుపచ్చ తప్ప ఏదీ కదలని ఏళ్లున్నాయి.
బొమ్మల కాలేజీ కుర్రాళ్లు మనుషుల్ని మానేసి
అక్షరాలే గీసుకున్న ఏళ్లున్నాయి,
వాళ్లకి నల్ల సిరా చాలు, నాకు లాభం లేదు.

ఆ ఏప్రిల్లో మాత్రం
మూడు రోజుల్లో ఎరుపు అయిపోయింది.
తర్వాత పసుపు. తర్వాత
ఏనాడూ ఎవడూ అడగని ఊదా.
"రొట్టె ధర మీద మొదలైన గొడవ
ఊదారంగు దాకా ఎందుకొచ్చిందిరా కూకూ?"
పని కుర్రాడు, నూబా కొండల వాడు,
నవ్వి డబ్బాలు భుజానికెత్తుకున్నాడు.
సైన్యం ప్రహరీ మీద వాళ్లమ్మమ్మని గీస్తున్నాడట,
బుగ్గల మీది గాట్లతో సహా.
"ఈ ఊళ్లో ఇంతవరకూ
ఆవిడ లాంటి ముఖం ఏ గోడ మీదా లేదు మామా."

తమాదుర్ అప్పుడే వచ్చింది.
గోళ్లనిండా సున్నం, చేతిలో చిల్లిగవ్వ లేదు.
"నీలం కావాలి. గోడంత."
ఉన్నవి మూడు డబ్బాలు.
ఇప్పుడు చెప్తే ఎవరేం చేస్తారులే,
ఆ నీలంలో నేను సుద్ద కలిపేవాణ్ణి,
నాలుగు పాళ్లకి ఒక పాలు.
ఆరాక చేప వీపులా పొలుసులు లేస్తుంది.
మూడు డబ్బాలు, అరువు, అని రాసుకున్నాను.
వేలిముద్ర అడిగితే అరచెయ్యంతా అద్దింది.

రంజాను ఆఖర్లో, తెల్లారకముందే, కాల్పులు.
పండక్కి కూకూ రాలేదు.
పండగ వెళ్లాకా రాలేదు.
వారం తిరక్కుండా కొట్టు ముందు ట్రక్కు ఆగింది.
తెలుపు, నలభై డబ్బాలు, నగదు.
ఆ గోడలకేనని తెలుసు.
అమ్మాను.
ఆ పద్దు నా దస్తూరీలోనే ఉంది,
ఒక్క అక్షరం వణకలేదు.

తర్వాత యుద్ధం. కొట్టు కాలడం నేను చూళ్లేదు.
రంగుల కొట్టు కాలితే పొగ ఏ రంగులో ఉంటుందని
హల్ఫా దారిలో, బస్సులో, ఎవరి పిల్లాడో అడిగాడు.
నల్లగానే, అన్నాను.

ఇప్పుడు కైరోలో, ఫైసల్ వీధి వెనక
ఐదో అంతస్తు. లిఫ్టు లేదు.
మా మనవరాలు చెయ్యి పట్టుకుని
నది గట్టున ఏదో గ్యాలరీకి తీసుకెళ్లింది.
చల్లటి గది. బొటనవేలంత గ్లాసుల్లో కర్కదే.
గుమ్మం పక్కన "నవ సూడాన్ చిత్రకళ" అని చీటీ.
శాలువా కప్పుకున్న పెద్దమనిషి వివరిస్తున్నాడు:
"ఈ పొలుసుబారిన నీలం చూడండి,
చీలిపోతున్న ఒక జాతి చర్మమిది."
తలలు ఊగుతున్నాయి.

నేను దగ్గరికెళ్లి వాసన చూశాను.
సుద్ద.

"ఎక్కడ కొన్నావమ్మా ఈ సరుకు?"
తమాదుర్ జుట్టు సగం నెరిసింది, ముప్ఫై దాటాయో లేదో.
"ఎక్కడా దొరకలేదు మామా.
మంచి నీలం కొని నేనే కలుపుతున్నాను.
నాలుగుకి ఒకటి. సరిపోయిందా?"
ఎండాకాలం ఒకటిన్నర వెయ్యాలి, అన్నాను.
ఇంకేమనాలో తోచలేదు.

ఆ నీలం మధ్య ఒక ముసలామె ముఖం.
కుడి బుగ్గన మూడు గాట్లు, ఎడమ బుగ్గన నాలుగు.
"అప్పుడు చూసింది. సరిగ్గా గుర్తులేదు.
వాడు నీకేమైనా చెప్పాడా, ఎన్నో?"
చెప్పే ఉంటాడు.
నేను డబ్బాలు లెక్కపెట్టుకుంటూ ఉండుంటాను.

బాకీ తీరుస్తానని సంచీ తెరిచింది. వద్దన్నాను.
పద్దు కొట్టెయ్యాలంటే
గీత ఆ అరచేతి మీదుగానే పోవాలి.
తెలుపు సంగతి ఆమె అడగలేదు. నేనూ ఎత్తలేదు.
కాన్వాసుకి అడుగు పూత తెలుపేనని
దారంతా మా మనవరాలు చెప్తూనే ఉంది.

రాత్రి పుస్తకం తీశాను.
చివరి పేజీలో కొంచెం చోటుంది.
కూకూ, మే నెల జీతం,
ఇవ్వలేదు.